పడమటి బలిపీఠం

కొత్త గుడి ప్రతిష్ఠకు వేసే పుస్తకం కోసం మా సంఘ చరిత్రను నాలుగు పేజీలలో రాసి ఇమ్మని కమిటీ అడిగింది. మూడు పేజీలు రెండు రోజులలో పూర్తయ్యాయి. నాలుగో పేజీ దగ్గర నెల రోజులు ఆగిపోయాను.

ఆ మూడు పేజీలు రాయడం సుఖంగానే ఉండింది. మా తెల్లబోడు రెంటచింతలకూ గురజాలకూ నడుమ, సున్నపురాతి గుట్టను ఆనుకొని ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలో లూథరన్లు, బాప్టిస్టులు, రెంటచింతలలో కాథలిక్కులు. బిషప్పు పాలనలో నడిచే ప్రొటెస్టెంటు సంఘం మా చుట్టుపట్ల మాదొక్కటే. కృష్ణ దాటి గుర్రం మీద వచ్చిన ఒక ఇంగ్లీషు దొర మా పల్లెలో పదకొండు కుటుంబాలకు బాప్తిస్మమిచ్చి, ఊరికీ పల్లెకూ మధ్యనున్న బీడును కొని, దానిలో తాటాకు పాక వేయించాడు. అది మా మొదటి ఆలయం. సంఘం దక్షిణ ఇండియా సంఘంలో కలిసి డెబ్బై ఏళ్ళు దాటింది. అయినా ముసలివాళ్ళు ఇప్పటికీ ‘బిషప్పుల గుడి’ అనే అంటారు.

రెండవది రాతిగుడి. 1934. గుట్ట మీది రాయి, గుట్ట కింద కాల్చిన సున్నం, వాగు ఇసుక. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం రుబ్బి, అందులో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపారు. నా బాల్యం ఆ గోడల మధ్యే గడిచింది. రెంటచింతల ఎండ గురించి రేడియోలో చెప్పే రోజులలో కూడా లోపల నాపరాతి నేల చల్లగా ఉండేది. ప్రసంగం సగానికి వచ్చేసరికి పిల్లలం చాప వదిలి, రాతికి చెంప ఆనించి నిద్రపోయేవాళ్ళం. గంటకు బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతూ ఉండేది. ప్రథమ ఫలాల పండుగనాడు బలిపీఠం ముందు మిరపకాయల బస్తాలు పేర్చేవాళ్ళు. ప్రార్థన మధ్యలో మొదట ఒకరు తుమ్మేవారు. తరువాత ఆ వరుస వరుసంతా. బిషప్పు గారు కూడా తుమ్మితే మరుసటి ఏడు పంట బాగుంటుందని మా నాయనమ్మ గట్టిగా నమ్మింది.

మూడవది ఇప్పుడు కట్టినది. సిమెంటు స్తంభాలు, అద్దాల తలుపు. క్రిస్మసుకు ముందు, అడ్వెంటు మొదటి ఆదివారం దానికి ప్రతిష్ఠ. అంతకు ముందే రాతిగుడిని విప్పి, ఆ స్థలాన్ని వాహనాలకు వదలాలి.

నాలుగో పేజీలో నేను రాయవలసింది రాతిగుడి గురించిన ఒక కథ. అది మా సంఘంలో ప్రతివాడికీ తెలుసు.

మా శాఖ ఆలయాలలో బలిపీఠం తూర్పున ఉండడం ఆచారం. జనం పొద్దు పొడిచే వైపు తిరిగి ఆరాధిస్తారు. వాకిలి పడమట ఉంటుంది. మా రాతిగుడిలో మాత్రం అంతా తలకిందులు. బలిపీఠం పడమట, వాకిలి తూర్పున. 1934లో ప్రతిష్ఠకు వచ్చిన బిషప్పు వాకిట్లో ఆగి, ఇది ఇట్లా ఎందుకున్నదని అడిగాడట. అప్పటి ఉపదేశి, పల్లెలో పాస్టరు పని చూసే దేవసహాయం చేతులు కట్టుకొని, “అయ్యా, మేస్త్రి సాయిబు. పునాదికి ముగ్గు పోసిననాడు నేను ఊళ్ళో లేను. వాళ్ళ మసీదులో ప్రార్థన పడమటికి గదా, అలవాటు కొద్దీ ఇట్లా లేపాడు” అన్నాడట. బిషప్పు నవ్వి, దేవునికి దిక్కులన్నీ ఒకటేనని చెప్పి, ప్రతిష్ఠ జరిపించాడట.

ఆ మేస్త్రి పేరు హబీబుల్లా. మా పల్లెలో ఎవరు చొక్కా తిరగేసి తొడుక్కున్నా, ఎవరి ఇంటి గోడ వంకరపోయినా ‘హబీబుల్లా ముగ్గు’ అనేవాళ్ళు. నేనూ అన్నాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. పటం తలకిందులుగా తగిలించిన పిల్లవాణ్ణి చూసి తరగతి అంతా నవ్వేటట్టు అన్నాను.

దేవసహాయం ఉపదేశి మా తాత.

*

నాలుగో పేజీ తెల్లగా ఉండగానే ఒక ఉదయం కాలేషా వచ్చాడు. కాలేషా హబీబుల్లా మనవడు. తాపీమేస్త్రి. రాతిగుడిని విప్పే పని కమిటీ అతనికే ఇచ్చింది. మేమిద్దరం మిషను బడిలో కలిసి చదువుకున్నాం. నాకు ఉద్యోగం వచ్చిననాటి నుంచీ అతడు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు.

“మాస్టారూ, ఖాళీయేనా?” అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

“ఖాళీ కాకేందన్నా,” అన్నది నా భార్య కరుణమ్మ టీ గ్లాసు అందిస్తూ. “నెల రోజుల నుంచీ ఒకటే కాయితం ముందరేసుకుని కూసున్నాడు. కోడయినా ఈపాటికి పిల్లల్ని లేపేది.”

కాలేషా నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి నాకు చూపించాడు. కొత్త గుడి గోడకు పెట్టే శిలాఫలకం నమూనా అది. సంఘం సెక్రటరీ, మా తమ్ముడి కొడుకు ప్రదీప్ దానిని వాట్సాప్‌లో పెట్టాడు. అందులో ఇట్లా ఉంది: ‘1934లో మేస్త్రి దిశ తెలియక చేసిన పొరపాటును సవరించి, తూర్పు బలిపీఠముతో నిర్మించబడిన మూడవ ఆలయము.’ కింద, ‘చరిత్ర పరిశీలన’ అని నా పేరు.

“మా మనవరాలు ఉజ్మా నరసరావుపేటలో సివిల్ ఇంజినీరింగ్ చదువుతంది గదా,” అన్నాడు. “దాని ఫోనుకి ఎవురో పంపిచ్చారు. ‘దాదా, మీ తాతకి తూర్పేదో పడమరేదో తెలవదా’ అని అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటా. పనోడన్నాక తప్పు జరుగుద్దిలేమ్మా అన్నా. అన్నాగానీ అన్నం దిగలా.” గ్లాసు కింద పెట్టాడు. “ఒకటి చెప్పు మాస్టారూ. రోజుకి అయిదుసార్లు పడమర తిరిగి నిలబడేటోడికి తూర్పు తెలవదంటే నమ్మేట్టుందా? పడమర తెలిసినోడికే గదా తూర్పు తెలిసేది. ఈ ఊళ్ళో మునసబు మేడ కట్టింది ఆయనే. ఈనాటికి దాంట్లో మూల తేడా లేదు. మీ గుడి కాడికి వచ్చేసరికే కళ్ళు పోయినయ్యా?”

నేను ఫలకం మాటలు మళ్ళీ చదివాను.

“నోటిమాటయితే పోనీలే అనుకుంటా. ఇన్నాళ్ళూ అట్టానే అనుకున్నా. ఇది రాతి మీద చెక్కేది. మా ఇల్లు రోడ్డుకి అవతలే. నా మనవరాలు బస్సెక్కాలంటే ఆ రాయి ముందే నిలబడాల. తప్పయితే తప్పనే రాయి, నేనేమీ అనుకోను. కాకపోతే, నీకు తెలిసిందేదో అది రాయి. మీ తాత నీకేమన్నా చెప్పాడా?”

“చూస్తాను,” అన్నాను.

అతడు నా ముఖం కొంతసేపు చూసి, లేచి వెళ్ళిపోయాడు. గ్లాసులో టీ సగం మిగిలింది. కరుణమ్మ కూడా నన్నే చూస్తూ నిలబడింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆమెకు కూడా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

*

నా పదకొండో ఏట, క్రిస్మసుకు ముందు, రాతిగుడికి సున్నం కొడుతున్నాం. పల్లెలో ఇంటికొకరు రావాలి. అది మా సంఘంలో కట్టుబాటు. తాతకు నిచ్చెన ఎక్కే వయసు దాటింది. నేలన కూర్చొని కుంచెలు తడిపి అందిస్తున్నాడు. బలిపీఠం వెనుక గోడకు నేను సున్నం పూస్తూ, ఎవరో అన్న మాటకు నవ్వి, “హబీబుల్లా ముగ్గు” అన్నాను. తాత కుంచె పక్కన పెట్టాడు. మిగిలినవాళ్ళు మధ్యాహ్నం తిండికి వెళ్ళేదాకా ఆగి, నన్ను దగ్గరకు పిలిచాడు.

“ముగ్గు పోసినరోజు నేను ఊళ్ళోనే ఉన్నా,” అన్నాడు. “హబీబుల్లా పొద్దు పొడిచే చోటు చూసుకుని, బిషప్పు దొర చెప్పినట్టే బలిపీఠం తూర్పుకి పెట్టి ముగ్గు పోశాడు. వీసమెత్తు తేడా లేదు. సాయంత్రం మునసబు కబురు పెట్టాడు. ‘బలిపీఠం తూర్పునుంటే వాకిలి పడమరకి వస్తది. పడమర మా బజారు. మీరు తెల్లబట్టలు కట్టుకుని మెట్ల మీద నిలబడి మా గుమ్మాల్లోకి చూస్తారా’ అన్నాడు. వాకిలి పల్లె దిక్కుకి తిప్పితే గుట్ట మీద రాయి తోలుకోమన్నాడు. లేదంటే ఒక్క బండి కూడా ఎక్కదన్నాడు. నేనే పోయి ముగ్గు చెరపమన్నా. హబీబుల్లా నా మొహం చూసి, ఏందీ ఎందుకూ అని అడక్కుండా చెరిపాడు.”

“మరి బిషప్పు గారితో అట్టా ఎందుకు చెప్పావు తాతా?”

“మునసబు వాకిలి పక్కనే నిలబడి ఉన్నాడ్రా. నిజం చెప్తే దొరకి కోపమొస్తది, కలెక్టరు కాడికి పోతాడు. దొర ఇయ్యాల ఉంటాడు, రేపు పోతాడు. మనం ఈడనే బతకాల. నా నోటికి సాయిబు వచ్చాడు. ఆయన అక్కడే ఉన్నాడు, తాపీ పట్టుకుని. తల వంచుకున్నాడు, అంతే.”

ఆ తరువాత జరిగినది కూడా తాతే చెప్పాడు. దొర కట్టించదలచిన మరి రెండు గుళ్ళ పని హబీబుల్లాకే రావలసి ఉండింది. దిక్కు తెలియని మేస్త్రి అన్న పేరు వచ్చాక ఆ పని వేరొకరికి పోయింది. హబీబుల్లా పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో కూలికి చేరాడు. మళ్ళీ గోడ కట్టలేదు.

“నేను బతికున్నన్నాళ్ళూ ఎవురికీ చెప్పమాక,” అన్నాడు తాత.

మరుసటి సంవత్సరం, ఈస్టరుకు ముందు లెంటు దినాలలో ఆయన పోయాడు. ఆయన నాకు పెట్టిన గడువు అప్పటితో తీరింది. యాభై ఏడేళ్ళయింది.

ఈ యాభై ఏడేళ్ళూ నేను అబద్ధమాడలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మౌనం ఎవరికీ చెందనిది అనుకున్నాను, బీడు భూమి లాగా. కాలేషా అరుగు మీద కూర్చొని అడిగిన క్షణంలో ఆ బీడుకు యజమాని నేనేనని తెలిసింది. పైగా, నేను కేవలం మౌనంగా కూడా లేను. ఆ పరిహాసాన్ని నా నోటితో అన్నాను. తెలియనివాళ్ళు నవ్వినదానికీ, తెలిసిన నేను నవ్వినదానికీ ఒకటే పేరు పెట్టలేం.

కరుణమ్మ అంతా విని, చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది.

“రాయి,” అన్నది చివరికి. “రాసి చదువు. తరువాత తిట్లు తిందాం. తిట్లు తిని చచ్చినోళ్ళు లేరు.”

*

ప్రదీప్‌కు ముందే చెప్పడం న్యాయమనిపించి పిలిపించాను. కాగితం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు.

“పెదనాన్నా, ఇది తొంభై ఏళ్ళ నాటి జోకు. కాలేషా వాళ్ళు కూడా నవ్వుతారు.”

“వాళ్ళు నవ్వగా నువ్వు చూశావా?”

కాగితం నా ముందు పెట్టాడు. “కొత్త హాలుకి ముత్తాత పేరు పెడతన్నాం. పటం కూడా గీయించాం. బిషప్పు గారు ముసుగు తీస్తారు. అదే రోజు మీరు ఆయన అబద్ధమాడాడని పుస్తకంలో వేస్తారా?”

“ఆయన ఆ గుడి కట్టించాడు. అదీ రాశాను.”

“మునసబు గారి మనవడు రెండొందల కుర్చీలిచ్చాడు. ఇయ్యాల ఊరూ పల్లే ఒకటిగా ఉన్నయి. మన వాకిలి పడమర రోడ్డు మీదికి పెట్టినా ఎవురూ కాదనలా. ఇప్పుడు పాతవన్నీ తవ్వితే ఎవురికి లాభం?”

“ఇప్పుడు ఎవరూ కాదనకపోవడం మంచిదే,” అన్నాను. “అప్పుడు కాదన్నారని మనం మరిచిపోతే, ఆ తప్పు సాయిబు మీదే నిలుస్తుంది.”

“మీకు తత్త్వం ఎక్కువయింది పెదనాన్నా,” అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. ఫలకం చెక్కేవాడికి సోమవారం లోపల మాట చెప్పాలని గుర్తుచేసి వెళ్ళాడు.

*

రాతిగుడిలో ఆఖరి ఆరాధనకు పాస్టరు స్టీఫెన్ గారు సంఘ చరిత్ర చదవడానికి నాకు పది నిమిషాలిచ్చారు. కాలేషాను రమ్మని నేనే కబురు చేశాను. ఉజ్మాను వెంటబెట్టుకొని వచ్చాడు. ఇద్దరూ చెప్పులు విడిచి వాకిలి లోపల నిలబడ్డారు. చాప మీదికి రమ్మంటే, పర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

మొదటి మూడు పేజీలూ జనం ఇష్టంగా విన్నారు. తాటాకు పాక మూడుసార్లు కాలిందని చదివినప్పుడు ముసలివాళ్ళు తలలూపారు. మిరపకాయల దగ్గర నవ్వారు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ గోడలలో ఏదో ఒకటి ఉంది: ఒకరి పెళ్ళి, ఒకరి తల్లి శవపేటిక, ఒకరి తల మీద బిషప్పు చెయ్యి ఉంచి సభ్యత్వమిచ్చిన రోజు. ఆ ఆనందాన్ని చెడగొట్టబోతున్నానన్న బాధ నాకు కలిగింది. నాలుగో పేజీ తీశాను.

అందులో అలంకారాలు లేవు. ముగ్గు తూర్పుకే పోశారని, దానిని చెరిపించినది మా తాత అని, ఎందుకు చెరిపించాడో, బిషప్పుతో ఏమన్నాడో, హబీబుల్లా ఆ తరువాత ఏ పనికి పోయాడో చదివాను. ఈ సంగతి నాకు పదకొండో ఏటి నుంచీ తెలుసని చదువుతూ వరుస తప్పాను. మళ్ళీ మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చేశాను.

ఆడవాళ్ళ వైపు నుంచి ఎనభై దాటిన మార్తమ్మ, పక్కదానితో అంటున్నాననుకొని, గుడంతా వినపడేటట్టు అన్నది: “మరి ఇన్నాళ్ళూ ఆ సాయిబుని చూసి మనం ఎందుకు నవ్వినట్టే?”

ప్రదీప్ లేచి బయటికి వెళ్ళాడు. పాస్టరు గారు పాప ఒప్పుకోలు ప్రార్థన ఉన్న పేజీ సంఖ్య చదివారు. ఆ రోజు ఆరాధన క్రమంలో అది అప్పటికే ఒకసారి అయిపోయింది. రెండోసారి ఎందుకని ఎవరూ అడగలేదు.

*

ఆరాధన ముగిశాక కాలేషా గుడి పక్కన నాకోసం ఆగి ఉన్నాడు. సంతోషిస్తాడని నేను ఎదురుచూశానేమో తెలియదు. ఎదురుచూసి ఉంటే, అది కూడా నా లోపమే.

“ఒరేయ్ జోసెఫూ,” అన్నాడు.

నలభై ఏళ్ళ తరువాత ఆ పిలుపు వినడం.

“పదకొండేళ్ళప్పటి నుంచీ తెలుసా నీకు?”

“తెలుసు.”

“ఒకటే బెంచీ మీద కూసున్నాం గదరా మనం. అయ్యవారు నన్ను హబీబుల్లా ముగ్గోడా అని పిలిస్తే, నువ్వు పక్కనే కూసుని నవ్వావు. అప్పటికే తెలుసు నీకు.”

“తెలుసు.”

“మీ తాత భయపడ్డాడు. సరే. ఆయన్ని భయపెట్టేవోడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. నీ ఎదురుగా ఎవుడు నిలబడ్డాడురా?”

దానికి జవాబు వెతికాను. ఎవరూ లేరు. అదే జవాబు.

ఉజ్మా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “దాదా, మరి మీ తాతన్నా ఎందుకు చెప్పలేదు? అక్కడే ఉన్నారంట గదా,” అన్నది.

కాలేషా రాతిగోడ మీద అరచెయ్యి పెట్టాడు. “చెప్తే ఏమయ్యేదమ్మా. దొరకీ మునసబుకీ తగూలాట పడేది. పల్లెవాళ్ళ కొంపలు కూలేవి. ఇందులో ప్రతి రాయీ ఆయన చేత్తో చెక్కిందే. పేరు కోసం తను కట్టిన గోడ పడగొట్టుకునే మేస్త్రి యాడన్నా ఉంటాడా?”

ఆ సాయంత్రం ప్రదీప్ ఫోను చేశాడు. నాతో నేరుగా మాట్లాడకుండా, “పెద్దమ్మా, ఆ రాయి మీద ఏం చెక్కించాలో కనుక్కో” అని కరుణమ్మతో అన్నాడు. మూడు ఆలయాల సంవత్సరాలు. రెండవదాని దగ్గర, ‘కట్టించినది ఉపదేశి దేవసహాయం, కట్టినది మేస్త్రి హబీబుల్లా’. అంతే చాలునని చెప్పాను. హాలు పేరు గురించి అతడు అడగలేదు. అడిగితే ఉంచమనేవాణ్ణి. భయపడినవాడూ కట్టించినవాడూ ఒకే మనిషి.

*

సోమవారం ఉదయం కాలేషా పని మొదలుపెట్టాడు. యంత్రం పెట్టి ఒక్క పూటలో పడగొట్టవచ్చని పాస్టరు గారు అంటే ఒప్పుకోలేదు. పైకప్పు దింపించాక, బలిపీఠం వెనుక గోడను తానే ఎక్కి, పలుగుతో అతుకులు తెరవసాగాడు. సున్నం అంత తేలికగా విడిచిపెట్టలేదు. ఒక్కో రాయి ఊడేసరికి పావుగంట పట్టింది. కింద నలుగురు కూలీలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకొని, కొత్త గుడి ప్రహరీ దగ్గర పేరుస్తున్నారు.

నేను వెళ్ళి ఆ వరుసలో నిలబడ్డాను. నాకు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. కూలీలు ఇబ్బందిగా కాలేషా వైపు చూశారు. అతడు పై నుంచి ఒకసారి నన్ను చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తరువాతి రాయిని గోడ మీద నుంచి జార్చి, నా చేతులలోకి దించాడు. అంత బరువుంటుందని అనుకోలేదు.

“నడుం వంచమాక, మోకాళ్ళు వంచు,” అన్నాడు.

ఆ రోజు అతడు నాతో అన్నది అదొక్కటే. మధ్యాహ్నం దాకా మోశాను.